వెర్నా ఇంటి రక్షణ పత్రం

పదిహేడో దుప్పటి మడత పెట్టేసరికి వెర్నాకు ఎడమ భుజం మళ్ళీ పట్టేసింది. మోటెల్ వెనకగదిలో ఇరవై ఆరేళ్ళుగా ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కబట్టలు ఉతికి, ఆ జీతంతోనే ఈ నెవాడా ఎడారి ఊళ్ళో రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. బ్లీచింగుకు పాలిపోయిన వేళ్ళు, పొట్టి మెడ, ఎవరివంకా నేరుగా చూడని కళ్ళు. ఊళ్ళో ఆమెను పట్టించుకునేవాడు పక్కింటి డెల్బర్ట్ ఒక్కడే.

వెర్నా పెంచుకునే కోళ్ళ గురించి తగువుకొచ్చి, ఆమె గుమ్మం మెట్టు మీద జారిపడ్డాడతను. నడుం విరిగిందని కోర్టుకెక్కాడు. ఆ మరుసటి వారమే గ్యాస్ సిలిండర్లు మోస్తూ ఊరందరికీ కనబడ్డాడు, సిగ్గులేని మనిషి. రేపు తీర్పు. అది అతనివైపు వస్తే పరిహారం కింద ఇల్లు వేలానికి పోవచ్చు. ఇది తాను కాపురముంటున్న ఇల్లని ప్రకటించి ఈలోగా నమోదు చేయించుకుంటే, దాన్ని అమ్మించడం అతని తరం కాదు.

మధ్యాహ్నం కౌంటీ ఆఫీసులో గుమాస్తా ఆమె కాగితాన్ని వెనక్కి తోసింది.

“సంతకం ముందే పెట్టేశారేంటండీ? నోటరీ ఎదురుగా పెట్టాలి.”

నలుగురిలో చెయ్యి వణుకుతుందని, పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర పదిసార్లు దిద్దుకుని మరీ పెట్టిన సంతకం అది.

“మరిప్పుడేం చెయ్యమంటారు?”

“కొత్తది నింపండి. నాలుగింటికి మూసేస్తాం.”

కుక్క లైసెన్సు కోసం వరుసలో నిలబడ్డ డెల్బర్ట్ మెడ సాచి చూశాడు.

“రాసుకో, వెర్నా, రాసుకో. వేలంలో ఆ కొంప నేనే పాడుకుంటా. ముందు ఆ కోళ్ళగూడు పీకి పారేస్తా.”

“నడుం విరిగినోడివి, ఎలా పీకుతావు?” కాగితం మీంచి తలెత్తకుండానే అంది వెర్నా.

వరుసలో ఇద్దరు నవ్వారు. వెర్నా కోపంతో ఒళ్ళు కాలిపోతూ, అందరి ముందూ కోడి కెలికినట్టు గీకింది సంతకం. పక్క బల్ల దగ్గరున్న నోటరీ దానిమీద ముద్ర వేసింది. నాలుగుకి పది నిమిషాలుండగా గుమాస్తా పత్రం నమోదు చేసి తిరిగి చేతికిచ్చింది.

ఇంటికొచ్చి కోళ్ళకు గింజలు వేసింది. డబ్బా సూపు వేడి చేసుకుంది కానీ రెండు చెంచాలకు మించి దిగలేదు. నొప్పి భుజం నుంచి దవడకు పాకింది. తలుపు దగ్గర కాసేపు ఏదో పని చేసుకుని, బూట్లు విప్పకుండానే కుర్చీలో వెనక్కి వాలింది. ఎండ తగ్గకముందే ప్రాణం పోయింది.

పొద్దున్నే తన పెరట్లోకి కోళ్ళొచ్చాయని డెల్బర్ట్ తిట్టుకుంటూ వచ్చి తలుపు బాదాడు. తలుపు అద్దానికి లోపలివైపు నుంచి, సరిగ్గా అతని కళ్ళ ఎత్తులో, బయటివాళ్ళు చదువుకునేలా అంటించిన నిన్నటి ముద్రల కాగితం ఉంది. అందులో ఒక వాక్యం కింద స్కేలు పెట్టి ఎర్రగా గీత గీసి ఉంది: “ప్రస్తుతం నేను ఈ ఇంట్లోనే ఉంటున్నాను.”