కుట్టినవాడే ముందెక్కాలి

మా అమ్మ కూర్మమ్మ మొండిది. ఈ మాట ఆవిడ బతికుండగా మొహం మీదే అన్నాను, ఇప్పుడూ అంటాను. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఆ మొండితనం వచ్చి వచ్చి నా పెళ్లి మీద పడింది. మా మేనమామ కొడుకు గంగులు బావ ఎయిర్‌ఫోర్సు నుంచి సెలవు మీద వచ్చి నన్ను చేసుకుంటానంటే, ఇవ్వనంది. గాలిమోటార్లు కూలిపోతాయని భయపడి ఇవ్వనందని భావనపాడు రేవంతా చెప్పుకుంది. ఒక్కళ్లకీ అసలు సంగతి తెలీదు. తెలీకపోతే నోరు మూసుకుంటారా? మావాళ్లకి ఆ అలవాటే లేదు.

ముందు బావ గురించి చెప్పాలి. మా పేటలో హైస్కూలు చదువు గట్టెక్కిన మొదటి గుంటడు వాడే. చైనాతో యుద్ధమయ్యాక ప్రభుత్వం ఎయిర్‌ఫోర్సుని పెంచడం మొదలుపెట్టింది. విమానాలు వస్తున్నాయి, వాటిని చూసుకునే మనుషులు కావాలి అని శ్రీకాకుళంలో కుర్రాళ్లని ఎంపిక చేస్తుంటే వీడూ వెళ్లాడు. వలలు లాగి రాటుదేలిన చేతులు కదా, తీసేసుకున్నారు. బెంగళూరు పక్కన జాలహళ్లిలో ట్రైనింగు, ఆ తర్వాత పంజాబ్ వైపు పోస్టింగు. విమానాల ఫిట్టరు. రెక్కలూ చక్రాలూ విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం వాడి పని. సెలవుకి వస్తే మడత నలగని నీలం యూనిఫాంలో, మా ఇసకలో బూట్లేసుకుని తూలుతూ నడిచేవాడు. చూసి పడీ పడీ నవ్వేదాన్ని. వాడంటే నాకు ఇష్టం. దాచుకోవడం ఎందుకు, చచ్చేంత ఇష్టం.

మా నాన్న దాలయ్య పడవలు కుట్టేవాడు. అప్పట్లో మా రేవు పడవలకి మేకులుండేవి కావు. పలకల అంచుల్లో కన్నాలు తొలిచి, కొబ్బరిపీచు తాడుతో ఒకదానికొకటి బిగించి కుట్టేవారు. కొత్తగా కుట్టినా, పాతదానికి కుట్టు మార్చినా, ఆ పడవ నీళ్లలో దిగిన మొదటిరోజు కుట్టినవాడు అందులో ఎక్కి తీరాలి. వాడెక్కకపోతే ఇంకెవడూ ఎక్కడు. అలా ఎక్కిన రోజునే ఒడ్డుకి దగ్గర్లో కెరటం పడవని తిరగేయడంతో నాన్న పోయాడు. పడవని ఒడ్డుకి లాగి చూస్తే ఒక్క కుట్టూ విడలేదట. కెరటం పెద్దది, అంతే. అప్పటికి నాకు ఊహ తెలిసీ తెలీని వయసు.

అందుకే మా అసిరయ్య మావ, అంటే గంగులు బావ తండ్రి, పిల్లనడగడానికి వచ్చేముందు కొడుక్కి గట్టిగా నూరిపోశాడు. "ఒరే, మీ అత్త మొగుడు పడవెక్కి పోయినాడు. నువ్వు గాల్లో ఎగురుతావనుకుంటే పిల్లనివ్వదు. నేలమీదే ఉంటానని సెప్పు. మరేటీ వాగకు."

వాళ్లొచ్చేసరికి అమ్మ ఇంటిముందు నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. నేను తలుపు వెనక చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

"అత్తా, నువ్వు భయపడకు. నాను నేలమీదే ఉంటాను. ఇమానం బాగుసేసి పంపించడమే నా పని. గాల్లోకి ఒక్కపాలి కూడా ఎల్లనేదు" అన్నాడు బావ, బడిలో పాఠం అప్పగించినట్టు.

"ఇన్నావా సెల్లీ?" అన్నాడు మావ. "పిల్లకి ఏ బెంగా ఉండదు."

అమ్మ చేపలు తిరగేయడం ఆపింది. "నువ్వు బాగుసేసిన గాలిమోటారు మొదట ఎవులెక్కుతారు?"

"పైలట్టు సారు."

"నువ్వో?"

"నాకు సోటేదత్తా? ఒకటే సీటు."

"మొదట్నించీ అంతేనా?"

అక్కడ దొరికిపోయాడు మా బావ. వాడికి ఎయిర్‌ఫోర్సు చరిత్ర అంటే పిచ్చి. ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే చాలు, ఇక ఆపడు. మావ దగ్గాడు, మోకాలితో పొడిచాడు. వింటేగా! ముప్పై మూడులో కరాచీ దగ్గర నాలుగే నాలుగు విమానాలతో మొదలైందట. వాటి రెక్కలకి గుడ్డ తొడిగేవారట. బాగుచేసేవాళ్లని హవాయి సిపాయిలు అనేవారట. ముందు సీటులో నడిపేవాడు కూర్చుంటే, ఆ సిపాయిల్లో కొందరు వెనక సీటులో తుపాకీ పట్టుకుని కూర్చునేవారట. తర్వాత పెద్ద యుద్ధంలో బర్మా మీదికి వెళ్లారు. దేశం రెండైనప్పుడు అన్నదమ్ముల పంపకాల్లాగ విమానాలూ పంచుకున్నారు. ఆ వెంటనే డకోటా విమానాల్లో సైనికుల్ని కాశ్మీరుకి చేరేశారు. ఆ తర్వాత జెట్లు వచ్చాయి. ఇప్పుడు రష్యావాళ్ల మిగ్గులు. "శబ్దం కంటే బేగి పోతాదత్తా! అది ఎల్లిపోయినాక మనకి మోత ఇనిపిస్తాది" అన్నాడు, చేత్తో గాల్లో గీత గీసి చూపిస్తూ.

అమ్మ అంతా విన్నది. విని, అందులోంచి ఒక్క ముక్క ఏరుకుంది.

"అంటే ముందర బాగుసేసినోలు కూడా ఎక్కేవోలు. ఇప్పుడు ఆ సీటు పీకేసినారు."

"పీకేయడం కాదత్తా, ఏగం కోసం..."

"నా పిల్లని ఇవ్వను" అంది అమ్మ. మళ్లీ చేపల మీదికి వంగింది.

మావ కొడుకుని లేవదీసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే బయటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. "సీటు లేకపోతే ఆడేటి సేస్తాడే? తోక పట్టుకుని ఏలాడతాడా?"

"ఏలాడతాడో మానేస్తాడో నాకు తెలీదు. కుట్టినోడు ఒడ్డున నిలబడి, ఇంకొకడి పానం నీటిమీదికి తోసేస్తే ఆణ్ణి మనం ఏటంటాం? మీ నాన్న ఎక్కినాడు కాబట్టే మిగతావోలు ఎక్కినారు. ఆడు పోయినాడని నాను ఏడిసినాను. కానీ ఎవుల ముందరా తల దించుకోనేదు. నువ్వు దించుకుంటావా?"

"నువ్వూ నీ రేవూ! అది రేవు కాదు, మిలిట్రీ!"

"ఎక్కడైనా మనిషి మనిషే" అంది. రెండుపూటలా నేను అన్నం మానేశాను. నా కంచం నా ముందు పెట్టి తను శుభ్రంగా తినేసింది. మొండిది అన్నానా లేదా?

మర్నాడు సాయంత్రం వలలు ఆరేసిన చోట బావ ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి దులిపేశాను. "నీ సరిత్ర తగలెయ్యా! గుడ్డ రెక్కలు, ఎనక సీటు... మా అమ్మ అడిగిందని అన్నీ వాగేయడమేనా? నీకు నాను కావాలా, గాలిమోటారు కావాలా?"

ఎప్పుడూ ఎదురు వెక్కిరించేవాడు, ఆ రోజు తలెత్తలేదు. "అత్త అన్నదాన్లో తప్పు నేదే, తవిటీ" అన్నాడు, నన్ను పేరుపెట్టి.

అప్పుడు చెప్పాడు. జగన్నాధం సారని ఒక పైలట్టు. బరంపురం మనిషి. విమానాల దగ్గర వీడితో తెలుగులో మాట్లాడటం కోసమే కాసేపు ఆగేవాడట. కిందటేడు ఒకరోజు బావ సిద్ధం చేసిన విమానం ఎక్కి ప్రాక్టీసుకి లేచాడు. లేచీ లేవగానే ఇంజన్లోకి గద్ద దూరింది. విమానం చేలల్లో పడింది. ఎంక్వైరీ చేసి, గద్ద వల్లే పోయింది, ఎవరి తప్పూ లేదని తేల్చారు.

"నా తప్పు నేదని నాకూ తెలుసే. అయినా అప్పట్నించీ ఏ ఇమానం లేచినా, మళ్లీ దిగేదాకా నా నోట్లో తడి ఉండదు."

నా కోపం ఎటు పోయిందో తెలీదు. వాడి పక్కన ఇసకలో కూలబడ్డాను. ఇన్నాళ్లూ బూట్లు చూసి నవ్వానే, వీడు ఇంత బరువు మోస్తున్నాడని నాకు తట్టనే లేదు అనుకుని ఏడుపొచ్చింది.

"ఆ సారు తల్లి దగ్గరికి ఎల్లినావా?"

ఉలిక్కిపడ్డాం. అమ్మ. నన్ను జుట్టు పట్టుకుని ఇంటికి ఈడ్చుకుపోదామని వచ్చినట్టుంది. ఎంతసేపటినుంచి నిలబడిందో, అంతా విన్నది.

బావ లేచి నిలబడ్డాడు. "ఆపీసర్లు ఎల్లినారత్తా. జెండా కప్పి, మర్యాదగా తీసుకొచ్చి అప్పగించినారు. నాను మామూలు ఫిట్టర్ని..."

"ఎవులెల్లినారని అడగనేదు. నువ్వెల్లినావా?"

"నేదు."

"ఎందుకెల్లనేదు?"

"భయమేసింది అత్తా."

ఇది కూడా మా రేవు ఆనవాయితీయే. పడవలో మనిషి పోతే, తప్పు కెరటానిదైనా గాలిదైనా సరే, కుట్టినవాడు ఆ ఇంటి గుమ్మం బయట వెళ్లి కూర్చోవాలి. ఇంటివాళ్లు తిట్టొచ్చు, కొట్టొచ్చు, మంచినీళ్లివ్వొచ్చు. ఏదో ఒకటి జరిగేదాకా లేవకూడదు. మా నాన్న కూడా ఒకసారి అలా కూర్చుని, చెంపదెబ్బ తిని వచ్చాడట. బావకి ఇది తెలీక కాదు. పంజాబ్‌లో ఆ ఆనవాయితీ లేదు కదా అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

"సీటు నేదన్నావు, సరే. గుమ్మం ఉంది గదా" అంది అమ్మ. "పద. నానూ వస్తాను. సగం దారిలో రైలు దిగిపోతావేమో సూడాల."

నన్ను ఇంట్లో ఉండమంది. ఉంటానా? ముందుగా వెళ్లి గడపలో చెప్పులు లేని కాళ్లతో తయారుగా నిలబడ్డాను.

నౌపడలో రైలెక్కి బరంపురంలో దిగాం. వీధి పేరు బావకి తెలుసు, సారు ఎన్నోసార్లు చెప్పాడట. అక్కడికి వెళ్లి ఎయిర్‌ఫోర్సు అబ్బాయి ఇల్లు ఏదని అడిగితే ఒకాయన వేలు పెట్టి చూపించాడు. పచ్చరంగు తలుపులు. బావ బూట్లు విప్పి, మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ అమ్మా గోడవారగా నిలబడ్డాం.

కాసేపటికి నెరిసిన జుట్టావిడ బయటికొచ్చింది. సారు తల్లి, సుభద్రమ్మగారు. యూనిఫాం చూడగానే ఆవిడ చెయ్యి తలుపు మీద బిగుసుకుంది.

"ఎవరు బాబూ?"

"నా పేరు గంగులు అమ్మా. ఆ రోజు సారు ఎక్కిన విమానం సిద్ధం చేసింది నేనే."

తిడుతుందనుకున్నాను. కొడుతుందేమోనని కూడా అనుకున్నాను. ఆవిడ తలుపు వదిలి ఒక మెట్టు దిగింది.

"నువ్వా గంగులువి! సముద్రం ఒడ్డు అబ్బాయివి. ఉత్తరాల్లో రాసేవాడు." "ఏడాది పట్టిందా నీకు రావడానికి?" అంది. "పెద్దపెద్ద వాళ్లంతా వచ్చారు. దేశం, త్యాగం అని ఏవేవో చెప్పారు. పొద్దున్న వాడేమైనా తిన్నాడా అని అడిగితే ఒక్కళ్లకీ తెలీదు. నీకు తెలుసు. ఇన్నాళ్లూ తెలిసి ఎక్కడ కూర్చున్నావు?"

బావ తలదించుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే చెప్పాడు. "తిన్నారమ్మా. పరోటాలు తిన్నారు. సీట్లో కూర్చోబెట్టి పట్టీలు కట్టింది నేనే. బిగుతుగా ఉన్నాయిరా, ఈ పంజాబ్ పరోటాలకి పొట్ట పెరిగిపోయింది, దిగగానే తిండి తగ్గించాలి అన్నారు. నవ్వుతూనే ఉన్నారమ్మా."

"వాడా తగ్గించేది!" అంది ఆవిడ. నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. తర్వాత బావ రెక్క పట్టుకుని లేపింది. "లోపలికి రా. ఎలా కట్టావో చూపించు."

తెరిచిన తలుపులోంచి మేం చూస్తున్నాం, ముందుగదిలో కుర్చీ ఉంది. ఆవిడ దాంట్లో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. బావ చేతుల్లో ఏమీ లేదు. వట్టి చేతులే ఆవిడ భుజాల మీదుగా, ఒకటి అటునుంచీ ఒకటి ఇటునుంచీ తెచ్చి, పొట్ట దగ్గర కలిపి, తాళం వేసినట్టు నొక్కాడు.

"ఇంకొంచెం బిగించు బాబూ" అంది ఆవిడ, కళ్లు మూసుకుని.

బావ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

మా అమ్మ గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న పోయినప్పుడు ఎలా ఏడ్చిందో నాకు గుర్తులేదు గానీ, ఇలాగే ఏడ్చి ఉంటుంది. కాసేపటికి మొహం తుడుచుకుని, "ఇంటికెల్లగానే మీ మావకి సెప్పాల, ముహూర్తం సూడమని" అంది.

ఆ మాట కోసమే నేను అన్నం మానేశాను, రైలెక్కి పరాయి ఊరొచ్చాను. తీరా వచ్చాక అమ్మ వైపు తిరగనైనా లేదు, గుమ్మంలోంచి లోపలికే చూస్తున్నాను. లోపల బావ ఆవిడ కుడిభుజం మీద, లేని పట్టీని జాగ్రత్తగా సర్దుతున్నాడు.