కళ్ళున్న గిటారు

ఆళ్ళగడ్డ శిల్పుల వీధిలో ఉలి చప్పుడు ఆరింటికి మొదలయ్యేది. శేషయ్య కొట్టంలో అయితే అయిదు నిమిషాలు ముందే. అన్న శేషయ్య రాతికి తలవైపు కూర్చునేవాడు, తమ్ముడు చెన్నకేశవులు కాళ్ళవైపు. ఇరవై ఏళ్ళుగా అదే ఏర్పాటు. వేళ్ళు, గోళ్ళు, కడియాలు, పీఠం మీది హంసలు తమ్ముడివి. ముఖం అన్నది. ఇక కళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. విగ్రహం అంతా అయ్యాక బంగారు సూదితో కంటిపాప గీసి చూపు తెప్పించడం ఆ ఇంట్లో పెద్దవాడి హక్కు. తండ్రి పోతూ ఆ సూదిని శేషయ్య చేతిలో పెట్టాడు. వెండి గొట్టంలో పెట్టి మొలతాడుకు కట్టుకున్న సూదిని శేషయ్య స్నానానికి కూడా విప్పేవాడు కాదు.

చెన్నకేశవులు ఒకే ఒక్కసారి నోరు తెరిచి అడిగాడు.

"ఒక్క విగ్రహానికి నన్ను కళ్ళు తెరవనీ అన్నా."

"నీ చెయ్యి కాళ్ళకు కుదిరిందిరా. ఎవరికి కుదిరింది వాళ్ళు చేయాల."

మళ్ళీ అడగలేదు. అడగనంత మాత్రాన మరిచిపోయాడని కాదు. ఊరు అతనికి 'కాళ్ళ కేశవులు' అని పేరు పెట్టింది. ఆ పేరు విన్నప్పుడల్లా భార్య పద్మమ్మకు ఒళ్ళు మండేది. అతను మాత్రం నవ్వి ఊరుకునేవాడు, ఇంటికొచ్చాక అన్నం సగంలో లేచేవాడు.

ఎనభై ఒకటి వేసవిలో నంద్యాల బస్సు దిగి ప్రసన్నకుమారి ఆ కొట్టానికి వచ్చింది. మిషన్ బడి పంతులు మత్తయి కూతురు, చర్చి పాటల బృందంలో గిటారు వాయించే పిల్ల. మద్రాసు హార్బరులో పనిచేసే మేనమామ ఒక క్యాసెట్టు తెచ్చిచ్చిన నాటి నుంచి ఆమెకు కుదురు లేకుండా పోయింది. పంక్ రాక్ అట. గిటారు మీద మూడంటే మూడు స్వరాల పట్టులు, గొంతు చించుకుని పాడటం, మనసులో మాట మొహం మీద చెప్పడం. నీళ్ళు రాని కుళాయి మీద, ఎప్పుడూ వేళకు రాని నందికొట్కూరు బస్సు మీద ఆమె పాటలు కట్టింది. పాడటానికి చర్చివాళ్ళ గిటారు సరిపోలేదు.

ఒక పత్రిక కాగితం శేషయ్య ముందు పెట్టింది. అందులో ఒక తెల్ల పాటగాడు గిటారు ఎత్తి నేలకు కొట్టబోతున్నాడు.

"ఈ గిటారు ఆయన కోసమే చేసినారంట పెద్దాయనా. తల మీద ఆయన సంతకం కూడా ఉంది. నాకూ నాదే అనేటిది ఒకటి కావాల. నంద్యాల వడ్రంగులు నవ్వినారు."

"మేం దేవుళ్ళను చేస్తాం పాపా. కట్టెలు కాదు," అన్నాడు శేషయ్య తల ఎత్తకుండా.

"నేను చేస్తా," అన్నాడు చెన్నకేశవులు.

శేషయ్య ఉలి ఒక్క క్షణం ఆగింది. "చేసుకోనీలే. దానికి కాళ్ళు లేవు కదా, ఏం చెక్కుతాడో చూద్దాం."

చెన్నకేశవులు నూలు దారం తీసి ప్రసన్నకుమారి గడ్డం నుంచి నుదుటి పైదాకా కొలిచాడు. ఆమె నవ్వాపుకోలేకపోయింది.

"గిటారుకు నా మొగం కొలుస్తాండావేందన్నా?"

"మా లెక్కలో మొగం ఎంతో దాన్నిబట్టే మిగతా ఒళ్ళంతా. ఇది నీది కావాలంటివి కదా. అయితే నీ కొలతలోనే ఉండాల."

గుడి తలుపుకు మిగిలిన టేకుతో, అయిదున్నర ముఖాల పొడవున, మూడు నెలల పాటు మధ్యాహ్నం తీరికలో చేశాడు. తీగలు, వైర్లు నంద్యాల రేడియో రిపేరు ఆయన అమర్చాడు. చివరికి తల మిగిలింది. ప్రసన్నకుమారి అక్కడ వేలు పెట్టి చూపించింది.

"ఈడ పేరు చెక్కన్నా."

"మా పనిలో పేరు ఉండదు పాపా. కన్ను చూసి చెప్తారు, ఎవరి చేతిదో."

ఆ మాట తన నోటి నుంచే వచ్చి తననే గుచ్చింది. తన చేతి కన్ను ఎవరు చూశారు కనుక? మర్నాడు శేషయ్య దొర్నిపాడు పెళ్ళికి వెళ్ళగానే చెన్నకేశవులు ఉక్కు సూది అందుకుని గిటారు తల మీద రెండు కళ్ళు తీర్చాడు. రెప్పలు, పాపలు అన్నీ. తొందరలో ఒక పొరపాటు చేశాడు. కళ్ళు తెరిచేటప్పుడు ఎదురుగా అద్దం పట్టాలి, తొలిచూపు మనిషి మీద పడకూడదు. అతను అద్దం మరిచిపోయాడు. గిటారు కళ్ళు తెరిచి మొట్టమొదట చూసింది చెన్నకేశవుల్నే. చూసి ఒకసారి రెప్ప వేసింది. అతను నుదుటి చెమట తుడుచుకుని గరుకు కాగితంతో అంచులు నున్న చేశాడు.

"బాగా చూస్తాంది," అంది ప్రసన్నకుమారి వచ్చి, గిటారు భుజానికి తగిలించుకుని బస్సెక్కింది.

నంద్యాలలో ఆ గిటారుకు కొద్ది రోజుల్లోనే పని పెరిగింది. ఆదివారం ప్రార్థనప్పుడు తల్లులు చంటిపిల్లల్ని దాని ముందు పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు, అది చూసుకునేది. కచేరీలో మాత్రం కళ్ళు పెద్దవి చేసి జనాన్ని చూసేది. దాని చూపు తోడైతే పాట జనానికి ఇంకా గట్టిగా తగిలేది. కుళాయి పాట మూడోసారి పాడిన వారానికి ఆ వీధికి నీళ్ళు వచ్చాయి. ఫోటోలో పాటగాడిలా పాట చివర గిటారును నేలకు కొట్టాలని ప్రసన్నకుమారి ఒకరోజు పైకెత్తింది. అది కళ్ళెత్తి ఆమెకేసి చూసింది. ఆమె గిటారును దించేసింది. అప్పటి నుంచి ప్రతి కచేరీలో గిటారుకు బదులు ఒక మట్టికుండ పగలగొట్టేది.

ఆ తర్వాత ఆమెకు ఇంకా మూడు గిటార్లు చేసిచ్చాడు చెన్నకేశవులు. బస్సు ప్రయాణానికి చిన్నది అరమోడ్పు కళ్ళది, నెమ్మది పాటల్లో కునుకు తీసేది. తెల్లదానికి కనుబొమ్మ పైకి లేచి ఉండేది. నాలుగోదానికి కాటుక. 'ప్రసన్నకుమారి గిటారు' కావాలని కర్నూలు నుంచి కూడా వచ్చారు. ఎవరి ముఖం కొలతతో వాళ్ళకు చేశాడు. ఒక ఆర్కెస్ట్రా ఆయన మాత్రం తిరిగి తెచ్చిచ్చాడు, పెళ్ళిలో అది అదే పనిగా ఆడపెళ్ళివాళ్ళ విస్తళ్ళకేసి చూస్తోందని.

ఇవన్నీ శేషయ్య చెవిన పడుతూనే ఉన్నాయి. "బొమ్మకు కండ్లు పెట్టినాడంటలే," అని ఊరుకున్నాడు. ఒక్కదాన్నీ చూడటానికి వెళ్ళలేదు.

ఎనభై ఆరులో శేషయ్య కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషన్ చేసినా సూది పని మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కొట్టంలో కొలిమిగుండ్ల గుడి అమ్మవారి విగ్రహం కళ్ళు తప్ప తయారై ఉంది, ముహూర్తం పది రోజుల్లో. తమ్ముడికి చెప్పకుండా శేషయ్య, వచ్చి కళ్ళు తెరవమని పొరుగు జిల్లా స్థపతికి కబురు పెట్టాడు. పద్మమ్మకు ఆ సంగతి తెలిసింది.

"బయటోడు వచ్చి తెరిస్తే ఈ ఇంటి సూది ఇంగ ఈ ఇంటిది కాదు," అంది మొగుడితో. "పోయి అడుగు."

"ఒకసారి అడిగినా పద్మా," అన్నాడు చెన్నకేశవులు.

ఆ వారమే ఆళ్ళగడ్డ హైస్కూలు వార్షికోత్సవం. సాయంత్రం ప్రసన్నకుమారి పాట. ఊరి పెద్ద కాబట్టి శేషయ్యను ముందు వరుసలో కూర్చోబెట్టారు. చెన్నకేశవులు ఎక్కడో వెనక, గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె తెచ్చింది మొదటి గిటారు. పాట మొదలైంది. గిటారు ఎప్పటిలాగే జనాన్ని చూడసాగింది. చూస్తూ చూస్తూ వెనక గోడ దగ్గర ఆగిపోయింది. ఇంక కదల్లేదు. అది ఎవరిని చూస్తోందా అని ముందు వరుస వెనక్కి తిరిగింది, తర్వాత రెండో వరుస, చివరికి మైదానం మొత్తం. పాట ఆగింది.

"ఏంది, ఎవరిని చూస్తాండారు?" అన్నాడు శేషయ్య పక్కవాడితో.

"నీ తమ్ముణ్ణప్పా. గిటారు చూస్తాంది, మేమూ చూస్తాండాం."

ఇరవై అయిదేళ్ళు కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి వైపు ఊరు ఊరంతా తలెత్తి చూసింది. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న పద్మమ్మకు గర్వంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొంగు అడ్డం పెట్టుకోలేదు.

శేషయ్య లేచి తడుముకుంటూ వేదిక దగ్గరికి నడిచాడు. "ఇట్లియ్యి పాపా." ప్రసన్నకుమారి గిటారు అందించింది. చూపు ఆనని మనిషి బొటనవేలితో కన్నును తడిమాడు. రెప్ప మీద, పాప అంచున, మళ్ళీ రెప్ప మీద.

"ఇది మా నాయన రెప్ప," అన్నాడు చివరికి. "ముప్పై ఏండ్లు కష్టపడినా నాకు రాల్యా ఇది. రేయ్ చెన్నా, ఈడికి రా."

చెన్నకేశవులు వచ్చాడు. శేషయ్య అందరి ముందూ మొలతాడు ముడి విప్పి వెండి గొట్టం తీసి తమ్ముడి అరచేతిలో పెట్టాడు.

"అద్దం నేను పట్టుకుంటా," అన్నాడు. "దీని తొలిచూపు నీ మీదే పడిందిలే. ఈసారి మరిచిపోవద్దు."

మర్నాడు ఆరింటికి అయిదు నిమిషాల ముందే కొట్టంలో ఉలి చప్పుడు మొదలైంది. చెన్నకేశవులు అలవాటుగా కాళ్ళవైపు నడిచాడు. అక్కడ చోటు లేదు. శేషయ్య ముందే వచ్చి కూర్చుని, అమ్మవారి కాలి కడియాన్ని వేళ్ళతో తడుముతూ ఉలితో నున్న చేస్తున్నాడు.