వెనక అక్షరం లేని కారు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు కారు ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. నడుపుతున్నది కంపెనీ చైర్మన్. పక్క సీట్లో ఉన్నది ఆ కారు ఇంజన్‌ను రూపొందించిన విభాగం అధిపతి. ఆ ఇంజన్ భవిష్యత్తు తేల్చడానికి అదే రోజు మధ్యాహ్నం బోర్డు సమావేశం ఉంది.

ఆగే ముందు ఇంజన్ టకటకమని కొట్టుకుంది. తర్వాత ఎంత తొక్కినా వేగం రాలేదు. చైర్మన్ కారును గోడవారకు తెచ్చి ఆపాడు. మళ్లీ స్టార్టు చేయబోయాడు.

"వద్దు సార్, తాకకండి," అంది ఆమె.

కొద్దిసేపటి ముందే ఆయన, "ఇది పెట్రోలు కారే, పందెం," అన్నాడు. కారు నంబరు తెలిసిన ఆమె డీజిల్ అని చెప్పింది. ఆయన అద్దం దించి విన్నాడు. "నా చెవిలో పువ్వు పెట్టడం లేదు కదా?" అన్నాడు. ఆ మాట కోసమే ఆమె విభాగం ఏళ్ల తరబడి పనిచేసింది.

ఆమెను విభాగం పనిచేసే ఇంజన్ల షెడ్డులో అందరూ పెద్దక్క అంటారు. ఆమె తమ్ముడు అదే కంపెనీ అమ్మకాల విభాగంలో ఉన్నాడు. అతను పిలిచే పిలుపే షెడ్డుకూ అలవాటైంది.

కంపెనీ చేసేవి పెద్ద కార్లు. వాటిలో సగానికి పైగా ఒకప్పుడు ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తోనే అమ్ముడయ్యేవి. ఇప్పుడు అయిదింట ఒకటి కూడా అలా పోవడం లేదు. కొన్ని నగరాలు పాత డీజిల్ బళ్లను లోపలికి రానివ్వడం లేదు. పొగ నిబంధనలు బిగుస్తున్నాయి. నాలుగేళ్ల తర్వాత అమ్మితే ఎవరు తీసుకుంటారని కొనేవాళ్లు అడుగుతున్నారు. మిగిలిన కొనుగోలుదారులు దూరాలు తిరిగేవాళ్లు. ఒక్క ట్యాంకుతో రోజంతా నడవాలి, నిండా మనుషులతో ఎత్తు ఎక్కినా లాగాలి అనేవాళ్లు. లాగడం బ్యాటరీ కారుకూ వచ్చు. ఆగకుండా అంత దూరం పోవడం దానికింకా రాలేదు. వీళ్ల కోసం కొత్త తరం డీజిల్ ఇంజన్ చేయాలా వద్దా అన్నది బోర్డు ముందున్న ప్రశ్న. వద్దంటే పెద్దక్క షెడ్డుకు పని ఉండదు.

డీజిల్ మీద పాత ఫిర్యాదు చప్పుడు. ఇంధనం ఒక్కసారిగా సిలిండరులో పడి అంటుకున్నప్పుడు సుత్తి దెబ్బలా వినిపిస్తుంది. పెద్దక్క మనుషులు ముందు రెండు చిన్న చుక్కలు, వెనక మిగతాది పడేలా చేశారు. కొట్టుడు పోయింది. "అందరికీ ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. మనదానికి లోపల ఈగ కూడా లేదు," అనేవాడు షెడ్డు మేస్త్రీ.

చప్పుడు పోయాక పేరు కూడా పోయింది. "డీజిల్ అన్న మాట వింటేనే మనిషి షోరూం గుమ్మంలో ఆగిపోతున్నాడక్కా. మాట తీసేద్దాం, బండి అదే అమ్ముడుపోతుంది," అని తమ్ముడు కారు వెనక డీజిల్‌కు గుర్తుగా ఉండే అక్షరాన్ని తీయించాడు. ఆమె వద్దనలేదు.

చైర్మన్‌తో పరీక్ష చేయించాలన్నది మాత్రం ఆమె ఆలోచన. ఒకే రంగు కార్లు రెండు, ఒకటి పెట్రోలు, ఒకటి డీజిల్. ఏది ఏదో ఆయనే చెప్పాలి. కనిపెట్టే దారి లేకుండా ఇంజన్ తిరిగే వేగం చూపించే ముల్లును రెండింటిలోనూ ఆపించింది. ట్యాంకు మూత లోపల ఏ ఇంధనం పోయాలో రాసి ఉన్న స్టిక్కరు కూడా పీకించింది.

కార్లు షెడ్డు ముందు నిలబెట్టారు, ఎడమ పక్క డీజిల్, కుడి పక్క పెట్రోలు. తెల్లవారి వాటిని కడిగినవాళ్లు తిరిగి పెట్టేటప్పుడు అటుదిటు ఇటుదటు పెట్టారు. రెండు ట్యాంకులూ అడుగంటి ఉన్నాయి. తమ్ముడు కుడి పక్క కారు తీసుకుని బంకుకు వెళ్లాడు. స్టిక్కరు కనపడక బంకు మనిషి ఏం పోయమంటారని అడిగాడు. తమ్ముడు పెట్రోలు అన్నాడు. డీజిల్ గొట్టం లావు, పెట్రోలు ట్యాంకులో దూరదు. పెట్రోలు గొట్టం సన్నం, డీజిల్ ట్యాంకులో సులువుగా దూరుతుంది. ట్యాంకు నిండుతుండగా చైర్మన్ కంపెనీ గేటు దగ్గర దిగుతున్నారని ఫోను వచ్చింది. తమ్ముడు రెండో కారు సంగతి వదిలేసి దీన్నే నేరుగా గేటు దగ్గరకు తెచ్చాడు.

ఆగిన కారును లారీ మీద షెడ్డుకు చేర్చారు. మేస్త్రీ ట్యాంకులోంచి కొంచెం గాజు సీసాలోకి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సీసా పెద్దక్కకు ఇచ్చాడు. ఆమెకు వాసన చూడనక్కర లేకపోయింది.

"కొండనాలుకకు మందేశాం. ఉన్న నాలుక ఊడింది," అన్నాడు మేస్త్రీ.

తమ్ముడు షెడ్డులోకి వచ్చి ముందు కారును చూశాడు. తర్వాత సీసాను చూశాడు.

"నేనేనా?"

"నువ్వేరా."

"కుడి పక్కది పెట్రోలని నువ్వే కదక్కా చెప్పింది."

"చెప్పాను. నడుపుతుంటే తెలీలేదా?"

"నడుపుతుంటే తెలిసేట్టు చేశావా నువ్వు?"

మేస్త్రీ అటు తిరిగి ఇంజన్‌కు ఇంధనం తోసే పంపు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"పంపు పోయిందని చెప్పెయ్," అన్నాడు తమ్ముడు. "పంపు మనం చేసింది కాదు, బయట కొన్నది. మన మీదికి రాదు."

"పంపు పోయిందంటే ఇంజన్ పోయిందనే వింటార్రా. అక్కడితో సరి."

"నిజం చెబితే నా ఉద్యోగం సరి."

"పెట్రోలు పడిందని చెప్తాను. నీ పేరు ఎత్తను. ఎవరు పోశారని అడిగితే మాత్రం అబద్ధమాడను."

"అడక్కుండా ఉంటారా? అడగడానికే కదా వాళ్లకి కుర్చీలేసింది."

మేస్త్రీ పంపు తెచ్చి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. పంపు లోపలి భాగాలు రాసుకోకుండా నూనెలా పనిచేసేది డీజిలే. పెట్రోలు దాన్ని కడిగేస్తుంది. లోపల లోహం లోహాన్ని గీరింది. మేస్త్రీ వేలితో తీస్తే వెండి రంగు పొడి అంటింది.

మూడు గంటలకు సమావేశం మొదలైంది. అమ్మకాల వివరాలు చెప్పడానికి తమ్ముడు కూడా వచ్చి గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పెద్దక్క సీసాను బల్ల మీద పెట్టింది.

"ఇంజన్‌లో లోపం లేదు. ట్యాంకులో పడింది పెట్రోలు," అంది.

"అంటే నేను పెట్రోలన్నది మరీ తప్పేం కాదన్నమాట," అన్నాడు చైర్మన్. ఒకరిద్దరు నవ్వారు. "ఎవరు పోశారు?"

ఆమె నోరు తెరిచేలోగా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"నేను సార్. పెట్రోలు కారనుకున్నాను."

"నువ్వు అమ్మేవాడివి కదయ్యా."

"అవును సార్."

చైర్మన్ సీసాను కొంచెం పక్కకు జరిపాడు. "అమ్మేవాడికే తేడా తెలీలేదు. నాకూ తెలీలేదు. ఇక కొనేవాడు పెట్రోలు వదిలి దీన్నెందుకు అడగాలమ్మా?"

"తేడా తెలిసేది మొదటి రోజు కాదు సార్. పొద్దున బయల్దేరినవాడు సాయంత్రం దాకా బంకు మొహం చూడకపోతే, అప్పుడు తెలుస్తుంది."

"ఆ మాట కారు మీద ఎక్కడ రాసుంది?"

ఆమె తమ్ముడి వైపు చూడలేదు. "తీసేశాం సార్," అంది.

ఓట్లు తీసుకున్నారు. కొత్త తరం ఇంజన్‌కు ఆమోదం దొరకలేదు. ఉన్న ఇంజన్‌ను వచ్చే పొగ నిబంధన అమల్లోకి వచ్చేదాకా చేస్తారు. ఆ తర్వాత షెడ్డును బ్యాటరీల పరీక్షకు అప్పగిస్తారు. కారు వెనక అక్షరం తిరిగి పెట్టాలని కూడా నిర్ణయించారు. తమ్ముడి ఉద్యోగం తీయలేదు, విడిభాగాల గోదాముకు మార్చారు.

తర్వాతి వారం మేస్త్రీ ఆ కారు ఇంధన గొట్టాలన్నీ కడిగి, కొత్త పంపు, కొత్త ఇంజెక్టర్లు బిగించాడు. గోదాము నుంచి ఆ సామాను తెచ్చి ఇచ్చింది తమ్ముడే. సంతకం చేయించుకున్నాక కూడా అతను వెళ్లలేదు. రెండు కార్లూ పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. అక్షరం ఇంకా అతికించలేదు.

"ఏదక్కా మనది?"

"నువ్వే చెప్పు."

ఆమె సైగ చేస్తే మేస్త్రీ రెండు ఇంజన్లూ స్టార్టు చేశాడు. తమ్ముడు రెండింటి మధ్య నిలబడి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఎడమ పక్కదాన్ని చూపించాడు.

అది పెట్రోలు కారు.