ముందు సీటు మాటలు

కారు టైర్లు మార్చాలని మా ఇంట్లో మొట్టమొదట అన్నది నేను కాదు, నా నడుము. మాది అగ్గిపెట్టెంత కారు. అందులో తిరిగేది ముగ్గురం ముసలివాళ్ళం. నడిపేది మా ఆయన. పక్కన కూర్చునేది మా వదిన, అంటే ఆయన అక్క. ఆవిడకి మోకాళ్ళు వంగవు, కాళ్ళు చాపుకోవాలి కాబట్టి ముందు సీటు ఆవిడది. వెనక సీటు నాది. నాకు తోడుగా ఆవిడ చేతికర్ర, నీళ్ళ సీసా, మందుల సంచీ, నడుం కింద పెట్టుకునే దిండూ.

ప్రతి మంగళవారం ఆవిడ మోకాళ్ళకి వ్యాయామం చేయించడానికి ఆసుపత్రికి వెళ్తాం. దారిలో పెద్ద వంతెన. దాని మీద సిమెంటు పలకల అతుకులుంటాయి చూడండి, ఒక్కొక్క అతుకు దాటినప్పుడల్లా నా వెన్నుపూసలు ఒకదాన్నొకటి కుశలమడిగేవి. ఇక ఆ మోత! తిరగలి లోపల కూర్చుని పిండి అవుతున్నట్టుండేది. ముందు సీట్లో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకుంటుంటే అద్దంలో పెదాలు కదలడం కనిపించేదే తప్ప ఒక్క ముక్క నా చెవిన పడేది కాదు.

"ఏంటి వదినా?" అని నేను ముందుకి వంగితే, ఆవిడ మెడ తిప్పి, "ఏం లేదమ్మాయ్, వాన వచ్చేట్టుంది అంటున్నాడు" అనేది. మనవలున్నదాన్ని, ఆవిడకి నేనింకా అమ్మాయినే.

ఆ మోత టైర్లకి ఒక కథ ఉంది. నాకు ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడు ఏది దొరికితే అది దొర్లించుకుంటూ వీధంతా పరుగెత్తేవాడని వాణ్ణి ఇంట్లో చక్రం అనేవాళ్ళం. పేరుకి తగ్గట్టే పెద్దయ్యాక టైర్ల కొట్టు పెట్టాడు. సెలవు రోజున నేను వాడి కొట్టుకి వెళ్ళి స్టూలు మీద కూర్చుంటే, పని చేస్తూనే పాఠం చెప్పేవాడు. "అక్కా, టైరు అంచు మీద నాలుగంకెలుంటాయి చూడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. రొట్టెకి తారీకు చూసినట్టు టైరుకీ చూడాలి." "ఈ గళ్ళు చూడు. అన్నీ ఒకే కొలతలో ఉంటే అన్నీ కలిసి ఒకే పాట పాడతాయి, చెవులు పగిలిపోతాయి. చిన్నా పెద్దా కలిపి ఉన్నాయనుకో, దేని పాట దానిదే, మోత అణిగిపోతుంది." నేను చదివింది నాలుగో తరగతే అయినా వాడు చెప్పినవి ఒక్కటీ మర్చిపోలేదు.

ఏడేళ్ళ కిందట మా ఆయన వాడికి చెప్పకుండా వేరే కొట్టులో చవకగా వచ్చాయని నాలుగు టైర్లు వేయించుకొచ్చారు. ఆ ఆదివారమే ఒక పెళ్ళిలో చక్రం కారు చుట్టూ తిరిగి, బొటనవేలితో టైరు నొక్కి, పదిమందిలో పకపకా నవ్వాడు. "బావా, ఎడ్లబండి చక్రాలు బాగానే కుదిరాయి! ఎడ్లేవీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. భోజనం చేయకుండా కారెక్కి కూర్చున్నారు.

బావా బావమరుదుల మధ్య ఇలాంటివి మామూలే, పది రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. చక్రం రాడు, ఫోన్ చేయడు. మా ఇంట్లో ఒక పద్ధతుంది. గొడవ పడ్డవాళ్ళ మధ్యకి మూడో మనిషి వెళ్ళి మాట కలిపి రావాలి, సొంతవాళ్ళు నేరుగా వెళ్ళకూడదు, వెళ్తే ఒకరు దిగిపోయినట్టవుతుంది. వదిన తనంతట తానే, "నేను వెళ్ళి అడిగొస్తానమ్మాయ్, నువ్వు బెంగపడకు" అని ఆటో ఎక్కి వెళ్ళింది. గంటన్నర తర్వాత వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నన్ను పట్టుకుని ఏడ్చింది. "నాకు అక్కే లేదన్నాడమ్మాయ్. ఆ మాట విన్న నా చెవులు కాల్చుకోవాలి" అంది.

ఏడేళ్ళు. మధ్యాహ్నం పూట చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నప్పుడు ఎన్నిసార్లు వాడి మాట ఎత్తానో. "వాడే వద్దనుకున్నాక నువ్వెందుకు కుళ్ళిపోతావు?" అని వదిన కొంగుతో నా కళ్ళు తుడిచేది. తన కొంగుతో.

ఈ మధ్య నడుం డాక్టరు, "కారు మానండి, లేదా కారు టైర్లన్నా మార్చండి" అన్నాడు. అవి ఎటూ అరిగిపోయాయి. మా ఆయన మళ్ళీ అవే వేయిస్తానన్నారు.

"గట్టివే మన్నుతాయోయ్. మెత్తటివి ఊరికే అరిగిపోతాయి."

"టైర్లు మన్నితే చాలా, నేను మన్నక్కర్లేదా?" అన్నాను. "ఈసారి ఎంచేది నేను."

"మోత లేకపోతే కారు కదులుతున్నట్టేం తెలుస్తుందమ్మాయ్?" అంది వదిన. నేను నవ్వి ఊరుకున్నాను.

చక్రం కొట్టుకి వెళ్ళే మొహం లేదు కాబట్టి, బజారు చివరి కొట్టుకే వెళ్ళాం. కొట్టాయన నన్ను వదిలేసి మా ఆయనతో మాట్లాడబోయాడు. "ఇటు చూడు నాయనా, కూర్చునేది నేను" అన్నాను. మా కారుకి సరిపడే కొలతలో మూడు రకాలు దింపాడు. మొదటిది పక్కగోడ రాయిలా ఉంది. రెండోది మెత్తగానే ఉంది కానీ గళ్ళన్నీ ఒకే కొలత. మూడోదాని మీద చెయ్యి వేశాను. పక్కన నొక్కితే ఒదిగింది. గళ్ళు చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి. అంకెలు చూస్తే పోయిన ఏడాదివి. "ఇదే రకం, కానీ ఇవి కాదు. ఈ ఏడాదివి తీసుకురా" అన్నాను.

అతను నోరు తెరిచాడు. "మామ్మగారూ, మీరు ఏ కంపెనీలో చేశారు?"

"స్టూలు కంపెనీలో" అన్నాను. మా ఆయన గోడ మీది క్యాలెండరు చదువుకుంటున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు వెన్న మీద జారినట్టు వచ్చాం. నాకు నా గాజుల చప్పుడు వినపడింది. "ఎలా ఉందండీ?" అన్నాను.

"ఏం తేడా? అదే మోత" అన్నారాయన. వీధి మలుపు దగ్గర మరోసారి అన్నారు, గేటు తీసేటప్పుడు ఇంకోసారి. అంత మొండి మనిషి. ఏదైనా కాదన్నారంటే ఇక తనకి కూడా అది కాదు.

మర్నాడు మంగళవారం. నేను వెనక దిండుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. వంతెన ఎక్కాం. అతుకులు వచ్చాయి, పోయాయి, పూసలు పలకరించుకోలేదు. హాయిగా ఉంది. ఎప్పటిలాగే వంతెన ఎక్కగానే ముందు సీట్లో మాటలు మొదలయ్యాయి, ఎప్పటి గొంతుతోనే.

"మళ్ళీ ఫోన్ చేశాడక్కా" అన్నారు మా ఆయన.

"ఎవరు, చక్రమా?"

"ఊఁ. కొట్టు ఎత్తేస్తున్నాడట. రేపు పొద్దున్నే సామానుతో లారీ వెళ్ళిపోతుందట, కూతురున్న ఊరికి. ఒక్కసారి అక్కని చూసి వెళ్తాను బావా అని ఏడ్చాడు."

"నువ్వేమన్నావు?"

"ఎప్పుడూ చెప్పేదే. నీ మొహం చూడటం దానికిష్టం లేదన్నాను." గేరు మార్చారు. "అక్కా, ఈసారికి చెప్పేద్దామా? ఎలాగూ వెళ్ళిపోతున్నాడు."

"మతి పోయిందా నీకు? ఇప్పుడు చెప్తే ఆవేళ నేను చెప్పింది బయటపడదూ? వాడి కొట్టు గడప కూడా తొక్కలేదు నేను, సందు చివర ఆటో ఆపుకుని కూర్చుని వచ్చేశాను. నిన్ను పదిమందిలో నవ్వులపాలు చేసినవాడు మళ్ళీ ఇంటికొచ్చి విస్తరి ముందు కూర్చుంటే నేను చూడలేను. ఏడేళ్ళు గడిచాయి, ఇంకొక్క పూట గడవదా?"

నేను కళ్ళు తెరవలేదు. నాకు ముందు కోపం రాలేదు, ఆ చిక్కుడుకాయల బుట్ట గుర్తొచ్చింది. నా కళ్ళు తుడిచిన ఆ కొంగు గుర్తొచ్చింది. ఆవిడకీ ఒక్కడే తమ్ముడు. తన తమ్ముడి ముఖం చిన్నబోయిందని నా తమ్ముణ్ణి లేకుండా చేసింది. ఇక ఆయన! యాభై రెండేళ్ళు నేను వడ్డిస్తే తిన్న మనిషి. ఏడేళ్ళుగా ఆ ముందు సీట్లో ఎంత వాన కురిసిందో!

"కారు ఆపండి" అన్నాను.

"ఏమైంది, నడుమా?" అన్నారాయన.

"నడుం బాగానే ఉంది. చక్రం కొట్టుకి పోనివ్వండి."

వదిన మెడ తిప్పింది. ఆవిడ నోరు తెరుచుకుంది కానీ వాన మాట కూడా రాలేదు. మా ఆయన, "అది కాదోయ్, నువ్వేదో సగం సగం విని..." అన్నారు.

"అంతా విన్నాను. టైర్లలో తేడా ఏం లేదన్నారుగా, అందుకే తెలియలేదు మీకు. పోనిస్తారా, దిగి నడవనా?"

పోనిచ్చారు.

కొట్టు సగం ఖాళీ అయిపోయింది. గోడకి టైర్లు ఆన్చిన చోట గుండ్రటి నల్ల మరకలు మిగిలాయి. చక్రం పాత టైర్లు తాడుతో కడుతున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. మా కారు చూడగానే చేతిలో తాడు వదిలేశాడు. నేను దిగాను. ఎక్కడ చూడాలో తెలియక వాడు వంగి ముందు టైరు చూశాడు. అలవాటుగా బొటనవేలితో నొక్కాడు, అంకెలు చదివాడు.

"ఎవరెంచారివి?" అన్నాడు నేలచూపులతోనే.

"నేనే."

వాడి భుజాలు కదిలాయి. లేచి కళ్ళు చేత్తో రుద్దుకుంటే మొహమంతా మసి అయింది.

"నాకు అక్క లేదన్నావట్రా?" అన్నాను.

"నేనా? నువ్వు కదా నాకు తమ్ముడు లేడన్నది! బావే చెప్పాడు. పిల్ల పెళ్ళికి శుభలేఖ పంపితే చింపేశావని కూడా చెప్పాడు."

నాకు మేనకోడలి పెళ్ళయిందనే తెలియదు. కూతురి ఊరికి వెళ్తున్నాడంటే చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన ఊరనుకున్నాను. పదిహేడేళ్ళప్పుడు చివరిసారి చూసిన పిల్ల. జడ నేనే వేసేదాన్ని.

ఇద్దరం కారు వైపు చూశాం. మా ఆయన బయట నిలబడి తాళం చెవిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నారు. వదిన అద్దం ఎత్తేసుకుని ముందుకే చూస్తోంది. చక్రం తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "గాలి ఎక్కువ కొట్టాడక్కా వాడెవడో. అందుకే ఇంకా కొంచెం ఎగురుతోంది" అని కూర్చుని, కొలిచే గొట్టం పెట్టి, నాలుగు టైర్లలోనూ కొద్దికొద్దిగా గాలి తీశాడు. తీసిన ప్రతిసారీ 'స్‌స్' అని చిన్న చప్పుడు. వదిన కాళ్ళ పక్కన టైరు దగ్గర కూడా అలాగే కూర్చుని తీశాడు. ఆవిడ వైపు తలెత్తలేదు.

కూతురి ఊరి చిరునామా, ఫోన్ నంబరు మందుల చీటీ వెనక రాయించుకున్నాను. అంకెలు నేను చదవగలను, అది చాలు. "రేపు లారీ కదిలేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాను. "వద్దక్కా, నిలబడలేవు. పొద్దున్నే రా" అన్నాడు. "ఆటోలో వస్తాను, గడప కూడా తొక్కుతాను" అన్నాను. ఆ మాట మా ఆయనకి వినపడాలని కాస్త గట్టిగానే అన్నాను.

తిరుగు ప్రయాణంలో వదిన, "నువ్వు ముందు కూర్చో అమ్మాయ్, నేను వెనక సర్దుకుంటాను" అంది. ఏడేళ్ళలో మొదటిసారి. నేను వెనకెక్కి, చేతికర్ర తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. దిండు కూడా.

గాలి తీశాక కారు ఇంకా మెత్తగా ఉంది. వంతెన మీద అతుకులున్నాయో లేవో తెలియలేదు. ముగ్గురిలో ఎవరమూ నోరు విప్పలేదు. వంతెన దిగుతుంటే వదిన ఇక ఉండలేక మా ఆయన వైపు వంగి, గుసగుసగా, "వాన వచ్చేట్టుందిరా" అంది.

"వినపడింది వదినా" అన్నాను.