ఆకలితో పంపిందన్న పేరు

మా అక్క నా చేతివంట కడుపునిండా తిని వెళ్లి, నా భార్య తనను ఆకలితో పంపేసిందని బంధువులందరికీ చెప్పింది. ఇందులో అనుమానానికి చోటు లేదు. వడ్డించినవాణ్ణి నేను.

నా భార్య ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. మెట్ల కింద కిటికీ లేని గది. చెవులకు ఫోను తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా "నమస్కారం, చెప్పండి" అనడమే పని. ఒకసారి సూపరింటెండెంటు తలుపు తోసి, "మీ గొంతులో నవ్వు వినిపించడం లేదమ్మా" అన్నాడట. ఎవరికో వాళ్ల మనిషి పోయాడని ఆమె అప్పుడే చెప్పి ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. నవ్వు వినిపించేలా ఇంకోసారి నమస్కారం అంది. ఇంటికి రాగానే పొయ్యి ముట్టించేది. నేను బస్సు డిపోలో మెకానిక్కుని. చేతులకు గ్రీజు కడుక్కుని వచ్చేసరికి కంచం సిద్ధంగా ఉండేది. అన్ని ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగేది.

ఊరి బయట మా మేనమామ వదిలిపోయిన రెండు గదుల ఇల్లుంది. వెనక కొంచెం నేల. చలి తగ్గి మొక్కలు చిగుళ్లు వేసే రోజుల్లో, ప్రతి శనివారం పొద్దున్నే బస్సెక్కి అక్కడికి పోయేవాళ్లం. ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేవాళ్లం. మొదటి వసంతంలో ఒకరోజు, "నువ్వు కూర్చో, ఇవాళ నేను వండుతాను" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. కోపం వచ్చింది.

"వద్దు. మీరు సాయం చేస్తే నేను థాంక్సు చెప్పాలి. వారమంతా నా ఉద్యోగం అదేగా. ఇక్కడ కూడానా?"

కాసేపు ఉల్లికాడలు పీకి, తనే మళ్లీ అంది. "పందెం వేసుకుందాం. సాలుకి ఆ చివర మీరు, ఈ చివర నేను. కలుపు తీస్తూ మధ్యకి రావాలి. వెనకబడినవాళ్లు వంటింట్లోకి పోవాలి. సాయం చేసేవాడికి రెండు వారాలకే విసుగొస్తుంది. ఓడినవాడు నోరుమూసుకుని వండుతాడు."

సాలు మధ్యలో ఒక ఇటుక పెట్టింది. బస్సుల కింద పడుకుని పడుకుని నా మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె వేళ్లు చురుకు. దాదాపు ప్రతిసారీ నేనే ఓడాను. అలా వంట నేర్చుకున్నాను. మొదట్లో చిక్కుళ్లు మాడ్చాను. ఆమె మట్టికాళ్లతో గుమ్మంలో కూర్చుని తిని, "ఉప్పు తగ్గిందండీ" అనేది. ఆ ఒక్క మాట అనడానికి ఎంతకాలం ఎదురుచూసిందో గానీ, నోరారా అనేది.

మట్టిలో చేతులు పెడితేనే ఆమెకు మాటలు వచ్చేవి. నాకు చెప్పినట్టు కాదు, మొక్కలకు చెప్పుకున్నట్టు ఉండేవి. ఫలానా డాక్టరు కావాలంటారు, ఫలానా వార్డు కావాలంటారు, నేను కావాలని ఒక్కరైనా ఫోను చెయ్యలేదు ఇన్నేళ్లలో, చెయ్యాలని కాదు, చేస్తే ఏం మాట్లాడాలో నాకు తెలీదు, ఆ సీటులో కూర్చునే మనిషికి సొంత మాట ఉండదు అనేది. పొద్దున వండింది సాయంత్రానికి మిగలకూడదు, మిగలకపోతేనే బాగా వండినట్టు, అంటే నేను బాగా చేసిన పనికి గుర్తు ఏమీ లేకపోవడమే కదా, ఇన్నేళ్ల వంటలో నా దగ్గర ఒక్క మెతుకు సాక్ష్యం లేదు అనేది. శనివారం కళ్లు తెరవగానే ఇవాళ ఏం వండాలి అన్న ఆలోచన లేకపోతే తల ఎంత తేలిగ్గా ఉంటుందో మీకు తెలీదండీ, మీకు రోజూ అలాగే ఉంటుంది కదా, అందుకని తెలీదు అనేది. ఇందులో తిట్టు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేది. నేను జవాబు చెప్పకుండా కలుపు తీసేవాణ్ణి. జవాబు రాకపోవడం ఆమెకు హాయి.

అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ పోయాక బడి మానేసి నన్ను పెంచింది. అది నిజం, కాదనను. ఒక శనివారం చెప్పకుండా దిగింది. నేను పొయ్యి దగ్గరున్నాను.

"ఒరేయ్, ఇదేం ఖర్మరా! బస్సులు బాగుచేసే చేతికి గరిటె ఇచ్చిందా?" అని పెరటి వైపు తిరిగింది. "ఏమ్మా మరదలా, మట్టిలో ఆడుకుంటున్నావా? కానీ, కానీ. అన్నం ఉడికాక పిలుస్తాడులే మా తమ్ముడు."

నా భార్య చేతులు కడుక్కుని లోపలికొచ్చి నా చేతిలోంచి గరిటె తీసుకుంది.

తర్వాతి శనివారం అక్క మళ్లీ వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. ఖాళీ సంచీతో వచ్చేది, కూరగాయలు నింపుకుని పోయేది. "తమ్ముడు చిక్కిపోయాడు" అనేది. నిజానికి నేను లావెక్కి, డిపో చొక్కాకి గుండీలు పట్టని రోజులవి. రావద్దని చెప్పేస్తానన్నాను. నా భార్య ఒప్పుకోలేదు. "మిమ్మల్ని పెంచిన మనిషి. నా నోటితో అనను, మీ నోటితో అననివ్వను" అంది.

పందెం మాత్రం మానలేదు. అక్క అరుగు మీద ఉంటే నా భార్య కావాలని ఓడేది. ఆడపడుచు ముందు నేను గరిటె పడితే నా పరువు పోతుందని ఆమె భయం. అది కనిపెట్టి నేనూ చెయ్యి నెమ్మది చేశాను. ఇద్దరం ఎవరికి వారే ఓడాలని చూస్తే పని ఎక్కడ సాగుతుంది? బఠాణీ సాలులో ఒకరోజు ఎండ నడినెత్తికి వచ్చింది, ఇద్దరం ఇటుకకు చెరో మూర దూరంలో ఆగిపోయాం. ఆమె ఒక గడ్డిపోచ పీకి మట్టి దులిపి దాన్ని తిప్పితిప్పి చూసింది. నేనూ అంతే చేశాను.

"కలుపు తీస్తున్నారా, దానికి పేలు చూస్తున్నారా?" అని అక్క అరుగు మీంచి కేకేసింది. "ఈ ఇంట్లో ఇవాళ పొయ్యి వెలుగుతుందా, లేదా?"

నా భార్య తలెత్తి నన్ను చూసింది. "ఏమండీ, మీరు ఓడాలని చూస్తున్నారా?"

"మరి నువ్వో?"

"నేను మీకంటే ముందునుంచీ ఓడుతున్నా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అలా నవ్వి చాలా రోజులైంది. నవ్వు ఆగాక ఆమె చేతిలోని గడ్డిపోచ వైపు చూసుకుంది. "మనిద్దరం ఆవిడ కోసం కలుపు మిగులుస్తున్నాం" అంది. మిగిలిన గడ్డిని రెండు గుప్పిళ్లతో పీకి అవతల పారేసి, ఇటుకను తాకి లేచి నిలబడింది.

"వదినగారూ, నేను గెలిచాను. వంట ఆయనది. మీరు కూర్చోండి, మీతో పాటు నేనూ కూర్చుంటాను."

"వాడి చేత వండించుకుని నేను తినాలా? పెంచినదాన్ని!"

"పెంచినవాళ్లు తినకపోతే ఇంకెవరు తినాలండీ?"

బఠాణీలు, బంగాళాదుంపలు వండాను. ఇద్దరినీ కూర్చోబెట్టి వడ్డించాను. అక్క మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తలెత్తకుండా తింది. కంచం ముందుకు జరిపింది, మళ్లీ పెట్టాను. మళ్లీ జరిపింది. కళ్లు ఎర్రబడ్డాయి. ఉల్లిపాయల వల్ల అంది. ఉల్లిపాయలు తరిగింది నేను. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది. సంచీ మర్చిపోయింది.

వారం తిరగకముందే చిన్నాన్న కూతురు నా భార్యకు ఫోను చేసింది. "వదినా, అక్కని అన్నం పెట్టకుండా పంపేశావట! మీరిద్దరూ తోటలో ఆటలాడుకుంటుంటే ఆవిడ అరుగు మీద పస్తు ఉందట!" పక్కనే ఉన్న నాకు అంతా వినిపించింది. నా భార్య ఆసుపత్రి గొంతుతో "అలాగేనమ్మా, ఉంటాను" అని పెట్టేసింది. నేను నిజం చెప్పేద్దామని ఫోను అందుకున్నాను. ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఆవిడకి జన్మలో ఎవరైనా వడ్డించారా? మీరు వండితే తిన్నానని నలుగురిలో ఎలా చెప్పుకుంటుంది? ఇన్నేళ్లు తను ఒంటరిగా చేసిన చాకిరీ ఇంకొకరు కూడా చెయ్యగలిగేదే అని ఒప్పుకోవాలి. అప్పుడు ఆ బడి ఎందుకు మానేసినట్టు?"

"అయితే ఈ నింద నువ్వు మొయ్యాలా?"

"ఇంకో సంగతి చూడండి" అంది. చాలా నిదానంగా, తనలో తాను నవ్వుకుంటూ అంది. "అన్నం పెట్టని ఇంటికి ఎవరూ రారు. తోటకి కంచె వేయిద్దామని ఎప్పటినుంచో అంటున్నారుగా. ఇదిగో, పడింది. దీన్ని తీయించకండి."

తీయించలేదు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఆమె వంగి తన కంచంలోది తను తినేది. శనివారం వస్తే మేమిద్దరమే. ఆ తర్వాతి వసంతాల్లో మాకు అతిథులు లేరు. ఆమె ఇష్టమైతే రోజంతా మాట్లాడలేదు, ఇష్టమైతే పాడింది. సెల్‌ఫోను మోగితే మోగనిచ్చింది. ఒకసారి చెట్టు కింద తడి నేల మీదే పడుకుని నిద్రపోయింది, అన్నం చల్లారిపోయినా నేను లేపలేదు. నాకు చదువు తక్కువ, పెద్ద మాటలు రావు. ఆ శనివారాలు నాకు దొరికాయి. ఆమె తన మంచిపేరు వదులుకుని వాటిని సంపాదించి, సగం నాకిచ్చింది. నేను బతికున్నంత కాలం ఆమెకు రుణపడి ఉంటాను. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. "సరే, కలుపు తియ్యండి" అంది.

పోయిన ఏడాది జ్వరంతో పోయింది. ఇంటికొచ్చిన ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చుని ఏడుస్తూనే, "మంచిదే పాపం, ఆడపడుచుకి అన్నం పెట్టని గుణం ఒక్కటే" అన్నారు. అక్క అక్కడే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొన్న ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ రోజు తిన్నానురా. అడిగి మరీ పెట్టించుకున్నాను. నాకు నిద్ర పట్టడం లేదు. అందరికీ చెప్పేస్తాను."

"చెప్పొద్దు."

"అది కాదురా, పోయిన మనిషి మీద..."

"ఆ పేరు నువ్వు పెట్టావు, ఆమె ఉంచుకుంది. ఇప్పుడది ఆమెది. నీ నిద్ర కోసం దాన్ని ముట్టుకోకు."

"నన్ను క్షమించవా?" అంది.

"ఆమె ఆ వారంలోనే క్షమించేసింది. నేను క్షమించను. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకు. నేనూ ఎత్తను."

ఫోను పెట్టేశాను. ఇక ఎవరు అడిగినా, ఎన్నిసార్లు అడిగినా, దీని గురించి నేను మాట్లాడను.