రెండుసార్లు లెక్కకొచ్చిన నీరు

ఒకే ఇంటి కోడళ్లు ఒకే ఆఫీసులో పనిచేస్తే ఎంత కలిసొస్తుందో అని ఊళ్లో అందరూ అనుకునేవారు. అనుకోవడానికేం, ఎన్నైనా అనుకోవచ్చు. పెద్ద కోడలు జలవనరుల ఆఫీసు మేడ మీద, నది విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఉంది. నదిలో ఏ రోజు ఎంత నీరు పారుతుందో కంప్యూటర్లో నమూనా కట్టి చెప్పడం ఆమె పని. చిన్న కోడలు కింది అంతస్తులో, భూగర్భ జలాల విభాగానికి వచ్చి మూడేళ్లయింది. బావుల మట్టాలను బట్టి నేలలో ఎంత నీరుందో ఆమె చెబుతుంది. ఆఫీసువాళ్లు వాళ్లిద్దరినీ చాటుగా పై నీళ్లావిడ, కింది నీళ్లావిడ అనేవారు.

ఒక మధ్యాహ్నం చిన్న కోడలు మెట్లెక్కి వచ్చింది.

“అక్కా, నది మట్టాల రిజిస్టర్ ఒక్కసారి ఇస్తారా? నదినీ బావుల్నీ కలిపి లెక్క చేద్దామని చూస్తున్నా.”

“బీరువా తాళంచెవి కనబడ్డం లేదమ్మా,” అంది పెద్ద కోడలు. తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

పాఠకులు ఆమెను తిట్టుకునే ముందు ఒక మాట వినాలి. నేల నీళ్ల మీద చేసిన పనిని మెచ్చుకుంటూ వారం క్రితం చిన్న కోడలి ఫొటో పేపర్లో వేశారు. అత్తగారు ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపించింది. పెద్ద కోడలు ఆఫీసులో ఏం చేస్తుందని ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ నవ్వుముఖం ఎదురై పెద్ద కోడలికి కడుపు రగిలిపోయేది. నా రిజిస్టర్లు చూసి ఇంకో ఫొటో వేయించుకుంటుందా అనుకుంది.

రిజిస్టర్ దొరకని చిన్న కోడలు తన నమూనాలో నది మట్టం ఏడాది పొడవునా ఒకటే అని రాసేసుకుంది. అంటే బావులు ఎంత తోడినా నది ఇస్తూనే ఉంటుందన్నమాట. పెద్ద కోడలిదీ అదే వరస. పల్లపు ప్రాంతపు నదికి వేసవిలో నీరు వచ్చేది నేలలోని ఊట నుంచే. కిందికి దిగి బావుల మట్టాలు అడగడం నామోషీ అనిపించి, ఆ ఊట ఎప్పటికీ తగ్గదని రాసేసుకుంది. ఒకరి లెక్కలో నది తరగదు, ఇంకొకరి లెక్కలో నేల తరగదు. ఆ ఆఫీసు పద్ధతి ప్రకారం పై అంకెనూ కింది అంకెనూ కూడేసి చీఫ్ ఇంజనీరు సంతకం పెడతారు. ఈసారి ఆ మొత్తం చూసి, పల్లపు పొలాల్లో అరవై కొత్త బోర్లకు అనుమతి సిద్ధం చేశారు. సంతకం శుక్రవారం. పట్టణానికి తాగునీరు తోడే పంపులున్నది ఆ నది ఒడ్డునే.

బుధవారం ఉదయం, నది దగ్గర కొలబద్ద చూసే ఆయన మేడ మీదికి వచ్చాడు.

“మేడం, పరీక్షకని పది బోర్లు ఆడిస్తున్నారు కదా. నాలుగు రోజుల్లో నది జానెడు దిగిందండి. ఎగువ నుంచి వచ్చే నీళ్లేం తగ్గలేదు. అరవయ్యీ ఆడితే వేసవిలో తాగునీటి పంపులకి బురదే మిగుల్తుంది.”

నిజం చెప్పొద్దూ, పెద్ద కోడలికి ముందు కలిగింది సంతోషమే. బోర్లకు నీళ్లున్నాయన్నది చిన్నదే కదా, శుక్రవారం దాటనీ, దాని గొప్పేమిటో అందరికీ తెలుస్తుంది అనుకుంది. అలా అనుకుంటూనే తన నమూనా తెరిచి, వేసవి ఊటను ఆ జానెడుకు తగ్గట్టు తగ్గించి చూసింది. తెర మీద నడి వేసవిలో నది ఆగిపోయింది. అంటే తన అంకే తప్పు. అంతకంటే ఘోరం, తాను నది నీరని చూపించినదీ చిన్నది నేల నీరని చూపించినదీ ఒకే నీరు. పట్టణం మొత్తం తాగే నీటిని ఇద్దరూ చెరోసారి లెక్కపెట్టారు.

రిజిస్టర్లు చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

“తాళంచెవి దొరికిందా అక్కా?”

“పోతే కదా దొరకడానికి! నిన్ను చూసి ఓర్వలేక దాచాను.”

చిన్న కోడలు రిజిస్టర్లు అందుకుంది. “నేనూ తక్కువేం తినలేదులెండి. బావుల మట్టాలు నేనే తెచ్చి ఇవ్వాల్సింది. మీరే దిగొచ్చి అడగాలని పట్టుబట్టి కూర్చున్నా.”

రెండు రోజులు నదినీ నేలనూ ఒకే నమూనాలో కలిపి నడిపారు. బోరు తోడితే నది దిగింది, నది దిగితే బావి దిగింది. తొమ్మిది బోర్లకే నీళ్లున్నాయి, అవీ వానాకాలంలోనే.

శుక్రవారం చీఫ్ ఇంజనీరు గదిలో బోర్లు అడిగిన రైతులూ కూర్చున్నారు. అంకె వినగానే ఒకాయన లేచాడు.

“పోయిన నెల అరవై అన్నది మీరే కదండీ! ఇంత చదువుకున్నారు, కూడికలు కూడా రావా?”

చిన్న కోడలు ఏదో చెప్పబోయింది. పెద్ద కోడలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపి తానే లేచింది. నిజం చెబితే చేతికందబోయే ప్రమోషను పోతుందని ఆమెకు తెలుసు.

“కూడికలు వచ్చండీ. ఈమె అడిగిన లెక్కలు నేనే దాచాను. ఈమెకు పేరొస్తుందని ఏడ్చాను. నేలా నదీ ఇచ్చిపుచ్చుకునే ఒకే నీళ్లని మా ఇద్దరి పంతాలతో రెండుసార్లు లెక్కేశాం. పనిచేసే చోట పక్కవాళ్లని చూసి కుళ్లుకుంటే, ఎండిపోయేది ఊరందరి గొంతండీ.”