కొసరు పొద్దు

సాయంత్రం పాలు రాగానే వీధిలో ఆడవాళ్ళంతా గిన్నెలు పట్టుకుని కొట్టు ముందు చేరేవారు. కొట్టు నడిపే అత్తగారు కొలిచి పోశాక, అదే గ్లాసుతో ఇంకాస్త కొసరు ఒంపేది. ఆ కొసర్లు పోసినంతసేపూ పొద్దు ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీదే ఆగేది. చివరి గిన్నె అయ్యాకే కిందికి దిగేది. అందులో వింతేముంది? ఆరేసిన బట్టలు ఆరేవి, పిల్లలు ఇంకో ఆట ఆడుకునేవారు.

అత్తగారికి చేతులు వణకడం మొదలై గ్లాసు కోడలి చేతికొచ్చింది. కోడలు మహా లెక్క మనిషి. వస్తూనే కొసరు మానేసింది. మిగిల్చిన పాలతో ముందు సోఫా వచ్చింది, తర్వాత గోడంత టీవీ. పొద్దు మాత్రం ట్యాంకు దగ్గర ఆగకుండా గబుక్కున జారిపోయేది. సోఫాలో కూర్చునే తీరికే దొరికేది కాదు. ఎన్ని కొన్నా కోడలికి ఇంకేదో తక్కువైనట్టే ఉండేది.

"నీ పుణ్యమా అని మా బట్టలు ఆరి చావడం లేదు," అంది దర్జీ భార్య.

"నేనమ్మేది పాలు పిన్నిగారూ, ఎండ కాదు."

మూలన కూర్చున్న అత్తగారు మూతి తిప్పుకుంది.

ఒక సాయంత్రం కోడలి ఐదేళ్ళ కూతురు కనిపించలేదు. కుక్కపిల్ల వెంట పాత ఇటుకబట్టీల వైపు వెళ్ళిందని ఎవరో అన్నారు. అక్కడన్నీ మట్టి తవ్విన గోతులు, వానకి నిండి ఉన్నాయి. పొద్దు అప్పటికే ట్యాంకు అంచుకొచ్చేసింది.

"నువ్విక్కడే ఉండు. పిల్ల తిరిగొస్తే చూసుకోవాలిగా," అని భర్త పరుగెత్తాడు. పాలకొచ్చినవాళ్ళంతా గిన్నెలు బల్ల మీద పడేసి అతని వెనకే పరుగెత్తారు. దర్జీ భార్య చెప్పులు కూడా వేసుకోలేదు.

కాలూ చెయ్యీ ఆడక కోడలు ఆ గిన్నెల్లో పాలు పొయ్యడం మొదలుపెట్టింది. రెండు గిన్నెలు కొలిచింది. నా బిడ్డ కోసం పరుగెత్తినవాళ్ళకి కొలతేమిటనిపించింది. గ్లాసు పక్కన పడేసి, క్యాను ఎత్తి అంచుల దాకా పోసింది. ఇంట్లో చెంబులు తెచ్చి తలా ఒకటి నింపింది. ఏడుస్తూనే పోసింది. పొద్దు సంగతే ఆమెకి గుర్తు లేదు.

పొద్దు ట్యాంకు మీద అలాగే కూర్చుంది.

ఆ వెలుతురులో దర్జీ భార్యకి గోతి గట్టు మీద ఎర్ర గౌను కనబడింది. ఇంకో అడుగేస్తే నీళ్ళే. వెనక నుంచి వెళ్ళి రెక్క పట్టుకుని లాగింది.

"చీకటి పడ్డాక వద్దామనుకున్నానమ్మా, పడలేదు," అంది పిల్ల, కొట్టు ముందు దర్జీ భార్య చంక దిగుతూ.

కోడలు దాన్ని కొట్టబోయి, గట్టిగా కావలించుకుని, ఏడుస్తూ నవ్వేసింది. కళ్ళు తుడుచుకుని ఎవరి గిన్నెలు, చెంబులు వాళ్ళకి అందించింది. వాళ్ళు నోరెళ్ళబెడుతుంటే ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. కొన్న ఏ వస్తువూ ఇంత సంతోషం ఇవ్వలేదు. క్యాను అడుగున ఉన్నవి కూడా ఒంపబోతూ, "ఇంకొంచెం పొయ్యనా పిన్నిగారూ?" అంది.

దర్జీ భార్య ట్యాంకు వైపు చూసి, గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు తల్లీ, చాలు! ఇక రాత్రి కానివ్వు, పిల్లలు పడుకోవాలి."